పాత గ్రాఫిక్స్ కార్డు, లైనక్స్ గేమింగ్: కొనేముందు డ్రైవరు సంగతి కనుక్కోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కుర్రాళ్లది ఒకటే ప్రశ్న: "అన్నా, లైనక్స్ వేసేస్తే గేములు ఆడతాయా?" యూట్యూబ్ చూసి వచ్చినవాళ్లు ఆడతాయనే అనుకుంటారు, అది తప్పూ కాదు. విండోస్ గేముల్ని లైనక్స్‌లో ఆడించడానికి స్టీమ్ గేమ్ స్టోరు నడిపే వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ తెచ్చింది. అందులో డీఎక్స్‌వీకే అని ఒకటుంటుంది, విండోస్ గేమ్ గ్రాఫిక్స్ కోసం ఇచ్చే డైరెక్ట్ ఎక్స్ ఆదేశాల్ని అప్పటికప్పుడు లైనక్స్‌లో పనిచేసే వల్కన్ ఆదేశాల్లోకి మార్చేస్తుంది. 2022లో లైనక్స్ మీదే నడిచే వాల్వ్ చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ వచ్చాక ఇదంతా బాగా గట్టిపడింది. ఇప్పుడు సింగిల్ ప్లేయర్ గేమ్స్ చాలావరకు ఇన్‌స్టాల్ నొక్కి ఆడేసుకోవచ్చు.

కాకపోతే ఆ వీడియోల్లోని కార్డులు మన దగ్గర లేవు. ఇక్కడ పీసీ అంటే ఏదో ఆఫీసులో తీసేసిన ఐ5 డబ్బా, అందులో బరంపురంలోనో విశాఖలోనో చవగ్గా దొరికిన ఎన్‌విడియా జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు. అది కెప్లర్ అనే పాత తరం కార్డు. కార్డుని నడిపించే సాఫ్ట్‌వేరే డ్రైవరు, ఎన్‌విడియా దీనికి 470 సిరీస్ డ్రైవరుతో ఆపేసింది, అందులో వల్కన్ 1.2 వరకే ఉంది. డీఎక్స్‌వీకే ఏమో 2022 నవంబర్‌లో వచ్చిన 2.0 నుంచి వల్కన్ 1.3 కావాలంటుంది. ప్రోటాన్ 7 లాంటి పాతది పెట్టి కొన్నాళ్లు లాక్కురావచ్చు. ఈలోగా ఓ రోజు కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అవుతుంది, ఆ కొత్త కెర్నల్‌కి తగ్గట్టు 470 డ్రైవరు తయారు కాదు, రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్. దాంతో "లైనక్స్ చెత్త" అని తేల్చేస్తారు. ఆ డ్రైవరులో అసలు భాగం సోర్సు కంపెనీ దగ్గరే ఉండిపోయింది, వాళ్లు వదిలేశాక బయటివాళ్లు పైపై ప్యాచ్‌లు వేయడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

అదే 2012 నాటి ఏఎండీ కార్డు రేడియాన్ హెచ్‌డీ 7750 తీసుకోండి. ఏఎండీ కూడా ఆ తరాన్ని 2021లో వదిలేసింది, అందులో వాళ్ల మంచితనం ఏమీ లేదు! కానీ లైనక్స్ డ్రైవరు కోడ్ కెర్నల్‌లోనూ, మెసా అనే ఓపెన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ అందరి ముందూ ఉంది కాబట్టి వాల్వ్ తరఫున పనిచేసేవాళ్లు దాన్ని బాగుచేస్తూ వచ్చారు, కెర్నల్ 6.19 నుంచి ఈ పాత కార్డులు కూడా ఏ సెట్టింగూ మార్చకుండానే ఏఎండీజీపీయూ అనే కొత్త డ్రైవరు మీద నడుస్తున్నాయి, వల్కన్ 1.3 కూడా వస్తోంది. పెద్ద గేములు లాగదు, నిజమే. కానీ కార్డు తీసుకున్నప్పటికంటే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మెరుగ్గా ఉండటం ఎన్ని కార్డుల విషయంలో చూశాం?

అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఎన్‌విడియా 1050 టీఐ దొరికిందని ఎగిరి గంతేయకండి. అది పాస్కల్ తరం కార్డు, ఆ తరానికి 580 ఆఖరి డ్రైవరు సిరీస్. ఎన్‌వీకే అనే ఓపెన్ డ్రైవరు దాన్ని గుర్తుపడుతుంది కానీ కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కి ఎన్‌విడియా డిజిటల్ సంతకం లేనిదే కార్డు వేగం (క్లాక్ స్పీడు) పెంచలేదు, గేమ్ నత్తనడక నడుస్తుంది. ఎన్‌విడియానే కావాలనుకుంటే 1650 నుంచి చూడండి, ఆ ఇబ్బంది అక్కడ తీరింది. లేదంటే రేడియాన్ ఆర్ఎక్స్ 570 నా ఓటు. 

వాలరెంట్ అనే ఆన్‌లైన్ గేమ్ కోసమే పీసీ పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఇవేవీ వర్తించవు. ఆటలో మోసాల్ని పట్టే దాని యాంటీ చీట్ ప్రోగ్రాం వాన్‌గార్డ్ విండోస్ కెర్నల్‌లో కూర్చుంటుంది, లైనక్స్‌లో అది లేదు. చాలా గేములు వాడే ఈజీ యాంటీ చీట్ 2021లోనే ప్రోటాన్‌కి దారిచ్చినా, వాడుకోవాలా వద్దా అన్నది గేమ్ కంపెనీ ఇష్టం. అపెక్స్ లెజెండ్స్ అయితే 2024లో లైనక్స్ ఆటగాళ్లని బయటికి పంపేసింది. అలాంటి గేములకి ఏ కార్డు మార్చినా ఫలితం ఉండదు, విండోస్ పార్టిషన్ ఒకటి ఉంచుకోవాల్సిందే.