సవరణ: బ్రేక్ బూస్టర్ మార్చడం గురించి మొన్న నేను రాసినదాంట్లో తప్పులు

బ్రేక్ బూస్టర్ (వ్యాక్యూమ్, అంటే గాలి పీల్చే శక్తితో, పెడల్‌ని తేలిగ్గా తొక్కేలా చేసే భాగం) మార్చడం గురించి మొన్నటి పోస్టులో రెండు తప్పులు రాశాను, అది చూసి ఎవరైనా స్పానర్ పట్టేలోపే సరిచేస్తున్నా. బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడితే బూస్టర్ పోయినట్టే అన్నాను కదా, అలా అని తేల్చేయకూడదు. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయండి, కొంచెం కిందికి దిగితే బూస్టర్‌కి వ్యాక్యూమ్ అందుతున్నట్టే, దిగకపోతే ముందు వ్యాక్యూమ్ పైపు, దాని వన్‌వే వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) చూడండి, డీజిల్ బండైతే వ్యాక్యూమ్ పంపు కూడా, ఎందుకంటే పైపు చీలినా అచ్చం ఇలాగే ఉంటుంది, అనవసరంగా బూస్టర్ కొని డబ్బులు పోగొట్టుకోకండి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. కొత్తది తెచ్చి అలాగే బిగించేయొచ్చు అన్నాను, దయచేసి అలా చేయొద్దు. పుష్‌రాడ్ (బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే కడ్డీ) పొడవు బండి మాన్యువల్లో ఉన్న కొలతతో సరిచూసుకోవాలి. ఎక్కువైతే మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది) పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకులు పట్టేసి చక్రాల దగ్గర కాలిపోతున్నట్టు వేడెక్కుతుంది, తక్కువైతే పెడల్ చాలా లోపలికి వెళ్ళాక గానీ బ్రేక్ పడదు.

బ్రేక్ పైపులు విప్పి ఉంటే మాత్రం వాటిలో చేరిన గాలి తీయకుండా బండి రోడ్డెక్కించొద్దు. ఆ పోస్టు చూసి ఇప్పటికే మార్చినవాళ్ళు ఈరోజే పుష్‌రాడ్ చెక్ చేయించుకోండి.