మన సంఘాల్లో ఎవరూ చనిపోరు

క్రైస్తవ సంఘాల్లో మరణాలు పూర్తిగా ఆగిపోయాయన్న సంగతిని లోకం ఇంకా గుర్తించినట్టు లేదు. ఏ జ్ఞాపకార్థ కూడిక ప్రకటనైనా చదవండి. ఒకరు ప్రభువునందు నిద్రించారు. ఇంకొకరు మహిమలోకి పిలువబడ్డారు. పరుగు ముగించినవారున్నారు, గుడారం విప్పి నిత్యనివాసానికి తరలినవారున్నారు. చనిపోయినవారు మాత్రం వెతికినా దొరకరు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వారైతే సైన్యం పద్ధతిలో మహిమకు ప్రమోషన్ వచ్చిందంటారు. ఎంత సీనియారిటీ ఉన్నా ఈ ప్రమోషన్‌కి ఎవరూ అప్లికేషన్ పెట్టుకోరు. అది విశ్వాసుల వినయమనే అనుకోవాలి.

ఇంత నాజూకు సాధించాక ఒక్క అడ్డంకి మిగిలింది, బైబిలు. ఈ విషయంలో ఆ గ్రంథానికి బొత్తిగా మర్యాద తెలియదు. ఆదికాండము 5వ అధ్యాయం చూడండి. పేరు, వయసు, పిల్లలు, ఆ వెంటనే ‘అతడు మృతిబొందెను’. ఇలా ఎనిమిదిసార్లు. 969 ఏళ్లు బతికిన మెతూషెలకు కూడా అదే రెండు మాటల ముగింపు. ఆ జాబితాలో చావు లేకుండా దేవుడు తీసుకుపోయింది ఒక్క హనోకునే. ఆ ప్రత్యేక సౌకర్యాన్ని మనం వివక్ష లేకుండా అందరికీ వర్తింపజేశాం.

అసలు ఇబ్బందంతా యోహాను సువార్త 11వ అధ్యాయంతో. మొదట్లో యేసు కూడా మన దారిలోనే ఉన్నాడు, తన స్నేహితుడు లాజరు నిద్రిస్తున్నాడన్నాడు. శిష్యులు సంతోషించారు. జబ్బుమనిషికి నిద్ర పట్టిందంటే నయమవుతున్నట్టే కదా! అక్కడితో వదిలేస్తే ఎంత బాగుండేది. కానీ ఆయన ‘లాజరు చనిపోయెను’ అన్నాడు. పైగా స్పష్టంగా చెప్పాడని సువార్తికుడు ప్రత్యేకంగా రాశాడు. తర్వాత సమాధి దగ్గర లాజరు సహోదరి మార్త అందుకుంది: నాలుగు రోజులైంది ప్రభువా, వాసన కొడుతుంది. ఆదరణ కూడికలో ఇలాంటి మాట అంటే ఆవిడ చేతికి మళ్లీ మైకు ఇస్తారా?

ఇక యేసు ఏడ్చాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. ఇవాళైతే ఎవరో ఒక పెద్దాయన వచ్చి, ‘నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకూడదండీ’ అని భుజం తట్టేవారు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని పౌలు రాసిన మాట నిజమే. ‘లేనివాళ్లలా’ అన్న ముక్క కూడికలో టైమ్ సరిపోక మనం వదిలేస్తుంటాం.

నిద్ర అన్నది లేఖనంలో ఉన్నదే కదా అని మీరడగొచ్చు. ఉంది. మొదటి క్రైస్తవ హతసాక్షి స్తెఫను నిద్రించాడని అపొస్తలుల కార్యముల్లో లూకా రాశాడు. కాకపోతే అంతకుముందు అతన్ని పట్టణం బయటికి వెళ్లగొట్టి రాళ్లతో కొట్టిన సంగతి రాశాడు. రాళ్లు ముందు, నిద్ర తర్వాత. మనం రాళ్లు ఏరేసి నిద్ర ఒక్కటే ఉంచుకున్నాం.

దీనివల్ల చిన్నచిన్న సమస్యలు లేకపోలేదు. తాతయ్య నిద్రపోయాడని విన్న పిల్లవాడు ఆ రాత్రి కళ్లు మూయడు. నిద్రపోతే వాణ్ని కూడా పెట్టెలో పెడతారేమోనని టెన్షన్. పెద్దలకూ చిక్కు తప్పలేదు. చనిపోయినవారి ఆత్మలు నిజంగానే నిద్రపోతున్నాయని కొందరు బోధిస్తుంటే, కాదు, మెలకువగానే ఉన్నాయని వాదించడానికి ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ 1534లో పనిగట్టుకుని ఒక పుస్తకమే రాశాడు. అది 1542లో అచ్చయింది.

అందుకే సవరణలు తప్పవంటున్నాను. మరణాన్ని కడపటి శత్రువన్నాడు పౌలు. మన ప్రకటనల్లో అది ఆర్డర్ అందించి వెళ్లే గుమస్తా, కాబట్టి ఆ వచనం తీసేయాలి. విశ్వాస ప్రమాణంలో క్రీస్తు ‘చనిపోయి, పాతిపెట్టబడి’ అని వారం వారం అందరి చేతా గట్టిగా చెప్పిస్తున్నారు. చిన్నపిల్లలు కూడా వింటారు. దాన్ని ‘నిద్రించి, మూడవ దినమున మేల్కొని’ అని మార్చుకుంటే సరి. అప్పుడు ఈస్టరు నాడు జరిగింది కాస్త ఆలస్యంగా నిద్ర లేవడం అవుతుంది. దానికి తెల్లవారకముందే పాటలెందుకని ఎవరైనా అడిగితే జవాబు ఇంకా సిద్ధం కాలేదు.

సవరణలకు లేఖనాధారం కావాలంటారు కాబట్టి అదీ వెతికి పెట్టాను. మన పద్ధతికి సరిగ్గా సరిపోయే వచనం ఆదికాండము 3వ అధ్యాయంలో ఉంది: ‘మీరు చావనే చావరు.’ ప్రకటనల పైభాగాన పెద్ద అక్షరాలతో వేసుకోవచ్చు. ఆ మాట అన్నది సర్పం కాబట్టి, చెప్పినవారి పేరు వేయకపోతే మంచిది.