‘ఇంక లాభం లేదండీ, తీసుకెళ్లిపోండి’: ఈ నిర్ణయం ఎవరిది?

కారుణ్య మరణాన్ని ఒప్పుకోవాలా వద్దా అని టీవీల్లో వాదించుకునేవాళ్లు కాకినాడలోనో, రాజమండ్రిలోనో, భీమవరంలోనో ఏదైనా ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ ముందు ఓ రాత్రి కూర్చుంటే బాగుంటుంది. అక్కడ ఆ వాదన ఎప్పుడో ముగిసిపోయింది. ప్రాణం నిలబెట్టే యంత్రాల నుంచి మనిషిని తప్పించడం గోదావరి జిల్లాల్లో కొత్తేం కాదు. కాకపోతే దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు.

పెద్దాయన వెంటిలేటర్ మీద ఉంటాడు. డాక్టరు బయటికొచ్చి, “ఇంక మా చేతుల్లో లేదండీ, తీసుకెళ్తామంటే తీసుకెళ్లిపోండి” అంటారు. చేను మీదో, బంగారం మీదో తెచ్చిన అప్పు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. కువైట్‌లో ఉన్న పెద్దకొడుక్కి వీడియో కాల్ చేస్తారు. ‘మా ఇష్టపూర్వకంగానే తీసుకెళ్తున్నాం’ అన్న కాగితం మీద చిన్నకొడుకు సంతకం పెడతాడు. అంబులెన్స్‌లో గొట్టం అలాగే ఉంచి, ఒక కుర్రాడు ఊపిరి అందించే అంబు బ్యాగ్‌ని చేత్తో నొక్కుతూ కూర్చుంటాడు. యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి ముమ్మిడివరం చేరేదాకా ఆ చెయ్యి ఆగకూడదు. ఊపిరి ఉండగానే గడప తొక్కించాలన్నది ఇంట్లోవాళ్ల ఆరాటం. వసారాలో మంచం సిద్ధంగా ఉంటుంది. గొట్టం తీస్తారు, తులసి తీర్థం పోస్తారు. ఆ తర్వాత ఆయన ఎంతసేపు అల్లాడతాడో, ఆ బాధ తగ్గించడానికి ఏం చేయాలో చూసే డాక్టరు అక్కడ ఉండడు. ఒక ఇంజెక్షన్ ఇచ్చే నర్సూ ఉండదు.

ఆ కొడుకుల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. డాక్టర్ల భయమూ అర్థమవుతుంది. యంత్రం తామే ఆపితే రేపు కేసవుతుందేమోనని వాళ్ల టెన్షన్. కానీ చట్టం ఇప్పుడు అంత చీకట్లో లేదు. గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణ కింద హక్కేనని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2018 మార్చి 9న చెప్పింది. స్పృహ లేని స్థితి వస్తే తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ని ఒప్పుకుంది. అప్పుడు పెట్టిన నిబంధనలు ఆచరణలో మరీ కష్టమని 2023లో సడలించింది. విల్లుకి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. యంత్రాలు ఆపొచ్చో లేదో ఆసుపత్రిలో ఒక వైద్య బోర్డు చూస్తుంది, దాని మాట సరైందో కాదో రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. విల్లు రాయకుండానే మంచాన పడ్డవాళ్ల విషయంలోనూ కుటుంబం ఒప్పుకోలుతో ఇదే దారి ఉంది. ఇంత ఉండగా, వైద్యులు కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం బిల్లు కౌంటర్ పక్కన ఓ చిన్నకొడుకు నెత్తిన ఎందుకు పడుతోంది?

అరుణా శాన్‌బాగ్ విషయం ఇక్కడ చెప్పుకోవాలి. 1973లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో దాడికి గురైన ఆ నర్సు 42 ఏళ్లు మంచం మీదే ఉండి 2015లో కన్నుమూసింది. ఆమెకు ఆహారం ఆపాలన్న పిటిషన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అన్నేళ్లూ ఆమెను సాకిన ఆసుపత్రి సిబ్బంది వద్దన్నారు. వాళ్ల మాటకే కోర్టు విలువిచ్చింది. మన ఇళ్లలో ఆ విలువ ఎవరికి దక్కుతోంది? ముక్కు గొట్టంలోంచి జావ పోసేది కోడలు. పడకపుళ్లు పడకుండా గంటగంటకీ పక్కకి తిప్పేది ఆవిడో, నెలజీతానికి పెట్టుకున్న మనిషో. పెద్దాయన ఏ మాటకి కళ్లు తిప్పుతున్నాడో, ఏ రాత్రి మూలిగాడో వాళ్లకే తెలుసు. నిర్ణయం దగ్గరకొచ్చేసరికి వాళ్లని అడిగేవాళ్లుండరు. ఫోన్‌లో ఉన్న కొడుకు మాటే చెల్లుతుంది. నా దృష్టిలో ఇది పెద్ద అన్యాయం.

ఇక మందిచ్చి ప్రాణం తీయడం. నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచి దాన్ని చట్టబద్ధం చేశాయి. ఇక్కడ అది నేరం, నేరంగానే ఉండాలని నేను అంటాను. దేవుడిచ్చిన ప్రాణం అన్న వాదనతో కాదు. మన పెద్దవాళ్లు “ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలి” అంటుంటారు. కౌలు బకాయి, పిల్లల ఫీజులు, గల్ఫ్ ఏజెంటు అప్పు ఉన్న ఇంట్లో ఓ ముసలావిడ “నన్ను పంపించేయండి నాయనా” అంటే, అందులో ఆవిడ కోరిక ఎంత, ఇంట్లోవాళ్లకి బరువవుతున్నానన్న బెంగ ఎంత? ఏ బోర్డూ దాన్ని విడదీసి చూడలేదు. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో మంచం పట్టిన పెద్దవాళ్లకి తలంటి, కొబ్బరినీళ్లు తాగించి చంపే తలైకూత్తల్ అనే ఆచారం ఉండేదని, కొన్నిచోట్ల ఇంకా సాగుతోందని పత్రికలు రాశాయి. చేసింది పరాయివాళ్లు కాదు, కన్నబిడ్డలే.

ఈ వాదన అన్నిచోట్లా నిలవదని తెలుసు. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణత వ్యాధితో ఉన్న పాతికేళ్ల చెస్ ఆటగాడు వెంకటేశ్, అవయవాలు పాడవకముందే దానం చేసేలా తన ప్రాణం తీయమని కోరాడు. తల్లి హైకోర్టుకెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. అతనిది బెంగ కాదు, ఇవ్వాలన్న కోరిక. అతన్ని కాదనడానికి నా దగ్గర మంచి జవాబు లేదు. అయినా ఒక్క వెంకటేశ్ కోసం తెరిచిన తలుపు అప్పుల్లో ఉన్న ఇళ్లన్నిటికీ తెరుచుకుంటుందన్న భయం నన్ను వదలదు.

“చంపేయండి” అని అరిచే క్యాన్సర్ రోగుల్లో చాలామంది అడిగేది చావుని కాదు, నొప్పి ఆగడాన్ని. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్ర ఖరీదైంది కాదు. మత్తుమందుల చట్టం కఠినంగా ఉండటంతో చాలాకాలం అది అందలేదు. 2014 సవరణతో దారి సులువైంది. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్‌కి, అంటే నయంకాని రోగుల నొప్పి, బాధ తగ్గించే వైద్యానికి, విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సుల్ని రోగి ఇంటికే పంపుతోంది. వరదొస్తే పడవ తప్ప దారిలేని మన లంక గ్రామాలకి ఇంతకన్నా అవసరమైన వైద్యం ఏముంది? నొప్పికి మందు చేతికందని చోట, చావుని ఎంచుకునే స్వేచ్ఛ గురించి మాట్లాడటం నాకు క్రూరంగా అనిపిస్తుంది.

రెండో బోర్డులో కూర్చునే డాక్టరుని జిల్లా వైద్యాధికారి నామినేట్ చేయాలి. 2018 తీర్పు అమలుకు కర్ణాటక 2025 జనవరిలో ఉత్తర్వులిచ్చింది. కోనసీమ, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఆ డాక్టర్లెవరో, వాళ్లని ఏ నంబర్‌లో పిలవాలో ప్రతి ఐసీయూ బయట తెలుగులో రాసిపెట్టాలి. బోర్డు ఒప్పుకుని ఇంటికి పంపిన రోగి వెంట నొప్పి మందు, అది ఇవ్వడం వచ్చిన నర్సు కూడా వెళ్లాలి. సోమవారాల్లో కలెక్టరేట్లకి అర్జీలు పట్టుకెళ్లేవాళ్లు పింఛన్లు, పట్టాలతో పాటు దీన్నీ అడగాలి.