తప్పు మిషన్‌ది కాదు, మా అత్త కంటిది

కంటి ఫొటో చూసి, షుగర్ వల్ల కంటికొచ్చే జబ్బు పట్టేసే కృత్రిమ మేధ మిషన్ మీద ఈమధ్య మా బంధువర్గంలో లేనిపోని నిందలు పడుతున్నాయి. ముఖ్యంగా మా మేనత్త. వినేవాళ్ళు దొరికితే చాలు, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా తిడుతోంది. పాపం మిషన్‌కి నోరు లేదు, ఉన్నా ఇంగ్లీషు తప్ప రాదు. అందుకని దాని తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను. ఫీజేమీ తీసుకోలేదని ముందుగా మనవి.

మొదట నా క్లయింటు చదువు సంగతి. 2016లో గూగుల్ పరిశోధకులు అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక పేపరు వేశారు. మిషన్‌కి నేర్పడానికి వాడిన రెటీనా (కంటి వెనకాల పొర) ఫొటోలు 1,28,175. జబ్బు ఎంతుందో చూసి వాటిని దిద్దినవాళ్ళు 54 మంది కంటి డాక్టర్లు, అదీ ఒక్కో ఫొటోని ముగ్గురి నుంచి ఏడుగురి దాకా. మన పదో తరగతి లెక్కల పేపరు ఎవరో ఒకే ఒక్క మాస్టారు, మే నెల ఎండలో, తిరగని ఫ్యాను కింద కూర్చుని ఎన్ని నిమిషాల్లో దిద్దుంటాడో తలుచుకోండి, మనకంటే మిషన్ చదువు ఎంత పకడ్బందీదో అర్థమవుతుంది. మధురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయ నుంచి వెళ్ళిన ఫొటోలూ ఆ పనిలో ఉన్నాయి. అంటే దానికి అక్షరాభ్యాసం చేయించినవాళ్ళలో మన షుగర్ పేషెంట్లూ ఉన్నారు, గురుదక్షిణ మాత్రం ఎవరూ అడగలేదు.

2018లో అదే సంస్థ వాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. రెటీనా ఫొటో ఒక్కటి చూపిస్తే అది మగవాడిదో ఆడమనిషిదో మిషన్ చెప్పేస్తుంది, చాలావరకు సరిగ్గానే. ఇది ఏ కంటి డాక్టరుకీ చేతకాని పని. మా అత్త ఆడమనిషేనని తేల్చుకోవడానికి మా వీధిలో ఇంతవరకూ ఎవరికీ రెటీనా దాకా వెళ్ళే అవసరం పడలేదు, అయినా విద్య విద్యే కదా.

ఇంత హంగామా దేనికంటే, 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు. ఈ షుగర్ కంటి వెనకాల రెటీనాలో ఉండే సన్నటి రక్తనాళాలను మెల్లగా పాడుచేస్తుంది. ముందు చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి, తర్వాత నెత్తురూ నీరూ కారతాయి. నొప్పి ఉండదు. చాలాకాలం చూపు కూడా బాగానే ఉంటుంది, అదే అసలు ప్రమాదం. మసక మొదలైందని పరిగెత్తేసరికి లేజర్ పెట్టినా, కంట్లో ఇంజెక్షన్లు చేసినా చాలామందికి ఉన్న చూపు నిలబడటమే గొప్ప. అందుకే షుగర్ ఉన్న ప్రతివాళ్ళూ ఏడాదికోసారి కంటి వెనకభాగం చూపించుకోవాలంటారు. చూసే డాక్టర్లేమో పట్నంలో, చూపించుకోవాల్సిన కళ్ళేమో పల్లెలో. ఈ మధ్యలో ఒక కెమెరా, ఒక మిషన్ పెడితే పనవుతుందన్నారు. ఇక్కడిదాకా నేను వెటకారం ఆడట్లేదు, ఇది నిజంగానే మంచి ఆలోచన.

ఇక కేసులోకి వద్దాం. మా అత్తకి 68 ఏళ్ళు, షుగర్ 15 ఏళ్ళుగా ఉంది. పోయినేడాది మండలం హైస్కూల్లో ఉచిత కంటి శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారో నేను చెప్పను, బ్యానర్ మీద ఫొటోలున్న పెద్దమనుషులు చాలామందే ఉన్నారు, కంటి బొమ్మకి చోటు చాల్లేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి పిలిచింది. అత్త పొద్దున్నే తలకి నూనె రాసుకుని, సద్దన్నం తిని, షుగర్ మాత్ర వేసుకుని, ఏడింటికల్లా వెళ్ళి లైన్లో నిలబడింది.

కెమెరా ఎనిమిదో తరగతి గదిలో పెట్టారు. గది చీకటిగా ఉండాలి, చీకట్లో కంటిపాప పెద్దదైతేనే వెనకాలున్నది ఫొటోలో పడుతుంది. మన సర్కారు బడి గదులకి వెలుతురు రావడానికి మాత్రం ఏ లోటూ ఉండదు, కిటికీకి రెక్కే లేదు. హెడ్‌మాస్టారు ఇంటి నుంచి దుప్పటి తెప్పించి కట్టారు. దుప్పటికున్న చిరుగులోంచి ఎండ సరిగ్గా మా అత్త మొహం మీదే పడుతోంది.

"మామ్మగారూ, గడ్డం ఇక్కడ ఆనించండి. ఆ పచ్చలైటు వంకే చూడండి. రెప్ప కొట్టకండి."

ఫ్లాష్ పడింది, అత్త రెప్ప కొట్టింది. 68 ఏళ్ళుగా కళ్ళలోకి ఏదొచ్చినా రెప్ప కొట్టడమే ఆవిడకి అలవాటు. మళ్ళీ తీశారు. 'ఫొటో నాణ్యత చాలదు' అంది మిషన్. చుక్కల మందు వేసి, అరగంట కూర్చోబెట్టి, మళ్ళీ తీశారు. ఇదీ చాలదంది. ఆలోపు సిగ్నల్ పోయింది. ఆ టెక్నీషియన్ పిల్ల టాబ్లెట్ పట్టుకుని వేపచెట్టు కిందికీ, అక్కణ్ణుంచి నీళ్ళ ట్యాంకు మెట్ల మీదికీ వెళ్ళి, దేవుడికి హారతి చూపిస్తున్నట్టు ఆకాశానికి చూపించింది. లైన్లో ఉన్న ఎనభై మందీ అటే చూశారు. దూరపుచూపు పరీక్ష ఆ రకంగా ఉచితంగా అయిపోయింది.

ఇది మన దేశంలోనే జరిగే అఘాయిత్యం అనుకునేవాళ్ళకి ఒక రుజువు సమర్పించుకుంటున్నాను. గూగుల్ వాళ్ళు ఇలాంటి మిషన్నే థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్కుల్లో పెట్టి చూశారు, 2020లో ఆ అనుభవాన్ని వాళ్ళే, దాచుకోకుండా, రాశారు. ఆ దేశంలో షుగర్ పేషెంట్లు 45 లక్షలు, రెటీనా స్పెషలిస్టులు 200 మంది. తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని మిషన్ ఇవి నాకొద్దంది. చీకటి చేసుకోగలిగిన ప్రత్యేక గది ఉన్నవి 11లో రెండే. ఇంటర్నెట్ నెమ్మది. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, కొన్నిచోట్ల నర్సులే ఈ పరీక్ష వద్దులెమ్మని పేషెంట్లకి సర్దిచెప్పారట, ఎందుకంటే మిషన్ పంపితే వాళ్ళు పనులు మానుకుని ఎక్కడో ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఆ నర్సులెవరో గానీ మా మండలంలో పుట్టాల్సినవాళ్ళు.

సరే, చివరికి మా అత్త చేతికి చీటీ వచ్చింది. అందులో రెండే మాటలు, ఇంగ్లీషులో. అన్‌గ్రేడబుల్. రెఫర్.

ఫొటో సరిగ్గా పడలేదు కాబట్టి జబ్బుందో లేదో చెప్పలేం, పెద్దాసుపత్రికి వెళ్ళండి అని దాని భావం. ఆ ముక్క విడమరిచి చెప్పే తీరిక ఆ పిల్లకి లేదు, వెనకాల ఇంకా డెబ్భై మంది. ఆ చీటీ పట్టుకుని అత్త ఊళ్ళోకి వచ్చేసరికి సాయంత్రమైంది, రాత్రికల్లా వీధంతా తెలిసిపోయింది, ఆవిడకి అన్‌గ్రేడబుల్ అట. పక్కింటి ఆవిడ అరటిపళ్ళు పట్టుకొచ్చింది. "మా తోటికోడలి చెల్లెలికీ ఇదే వచ్చింది వదినా, గుంటూరులో చూపిస్తే నయమైంది" అని ధైర్యం చెప్పి వెళ్ళింది. ఆ రాత్రి పదకొండింటికి అత్త నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇది అంటుకునేదా? పిల్లల్ని దగ్గరికి రానివ్వొచ్చా?"

ఇంత టెన్షన్‌లోనూ మిషన్ చూపించిన నిగ్రహం గమనించండి. నాకు చూడటం రాలేదని అది అనలేదు. మీ కన్ను చూడటానికి పనికిరాదంది, అంతే. ముప్పై ఏళ్ళు ఆఫీసరుగా చేస్తే తప్ప అబ్బని ఒడుపది.

తర్వాత కథ మీ అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా ముగిస్తాను. జిల్లా కేంద్రానికి రెండు బస్సులు మారాలి. కంట్లో చుక్కలేస్తే మూడు నాలుగు గంటలు ఏమీ ఆనదు కాబట్టి తోడు ఒకరుండాలి. మా బావ మేస్త్రి పని, వెళ్తే ఆ రోజు కూలీ పోయినట్టే. మిర్చి కోతలన్నారు, తర్వాత పెళ్ళన్నారు, తర్వాత శూన్యమాసమన్నారు. చీటీ బియ్యం డబ్బా మూత కింద మూడు నెలలు భద్రంగా ఉంది. మిషన్‌కి పది సెకన్లు పట్టింది, మా వాళ్ళకి తొంభై రోజులు పట్టింది, మరి ఎవరిది ఆలస్యం? చివరికి వెళ్ళారు. డాక్టరమ్మ టార్చిలైటు వేసి అరనిమిషం చూసి, "రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయమ్మా, ఇక ఫొటో ఎలా పడుతుంది?" అంది. కంట్లో తెల్లటి పొర కమ్మిందని మా పాలవాడు రెండేళ్ళ కిందటే చెప్పాడు. కాకపోతే అతనికి 1,28,175 ఫొటోల అనుభవం లేదు కదా, ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ నా క్లయింటుకి వ్యతిరేకంగా కొన్ని సంస్థలు పన్నిన కుట్ర గురించి చెప్పక తప్పదు. మధురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి అని ఒకాయన, సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక, కీళ్ళవాతంతో వంకర్లు పోయిన వేళ్ళతోనే ఆపరేషన్లు చేస్తూ, 1976లో 11 మంచాలతో అరవింద్ ఆసుపత్రి పెట్టాడు. పల్లెల్లో ఉండే వాళ్ళ చిన్న కంటి కేంద్రాల్లో, అంటే విజన్ సెంటర్లలో, పేషెంటు కుర్చీలో ఉండగానే ఆసుపత్రి డాక్టరు తెర మీద మాట్లాడతాడు. మన హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఎల్‌.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పద్ధతీ అలాంటిదే. దాదాపు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటరు, అందులో ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచే తీసుకుని తర్ఫీదిచ్చిన టెక్నీషియన్, పది సెంటర్లకి కలిపి ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఒకటి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో 1996లోనే పెట్టారు అలాంటి ఆసుపత్రి ఒకటి. అంటే ఏమిటి? మిషన్ రాకముందే వీళ్ళు రోడ్డు వేసి కూర్చున్నారు, పేషెంటు ఎవరి దగ్గరికి, ఏ దారిన వెళ్ళాలో ముందే తేల్చేశారు. అలాంటిచోట మిషన్ పెడితే అది పనిచేయక ఏం చేస్తుంది? ఇందులో మిషన్ గొప్పేముంది? మా మండలంలో అలా కాదు, ముందూ వెనకా ఎవరూ లేకుండా బడి గదిలో ఒంటరిగా నిలబడి, తన పని తాను చేసి, సాయంత్రానికి వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయింది. స్వశక్తి అంటే అది.

అమెరికాలో 2018 ఏప్రిల్‌లో, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే ఇలాంటి మిషన్‌కి మొదటిసారి అనుమతిచ్చారు. అది తప్పు చెబితే పూచీ మాదేనని తయారుచేసిన కంపెనీయే బీమా కట్టుకుంది. మా శిబిరం చీటీ వెనకాల ఒక ఫోన్ నంబరుంది. మా బావ చేశాడు, కొంతసేపు పాటొచ్చింది.

అత్తకి కుడికంటికి ఆపరేషన్ అయింది. పొర పోయాక డాక్టరమ్మ లోపల చూసి, షుగర్ దెబ్బ ఇప్పుడిప్పుడే మొదలైందనీ, అదుపులో పెట్టుకుని ఏడాదికోసారి చూపించుకోమనీ చెప్పింది. ఇప్పుడు ఏ మిషన్ ముందు కూర్చోబెట్టినా ఆ కంటి ఫొటో అద్దంలా పడుతుందట. వచ్చే శిబిరానికి మా అత్తని తీసుకెళ్ళి చూపిస్తే మిషన్ ఎంత సంతోషిస్తుందో.

ఇంతా చేస్తే ఇంకో కెమెరా అలిగింది. వేలిముద్రలు అరిగిపోయి పడవు కాబట్టి రేషన్ షాపులో ఎన్నో ఏళ్ళుగా అత్త కన్నే చూస్తున్నారు. నెలనెలా తప్పకుండా ఆవిడ కంట్లోకి చూసింది సర్కారు ఒక్కటే, అదీ జబ్బుందా అని కాదు, ఈవిడ ఈవిడేనా అని. ఆపరేషన్ తర్వాత మొదటి నెల కుడికన్ను పెడితే మూడుసార్లూ ఎర్రలైటే వెలిగింది. డీలరు చత్వారపు కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయి, తెర మీద ఏముందో కనబడక కళ్ళు చికిలిస్తున్నాడు. అత్తే ముందుకు వంగి, కూడబలుక్కోకుండా, గడగడా పైకి చదివేసింది: "వివరాలు సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి."

"ఎంత స్పష్టంగా ఉందిరా అక్షరం!" అని ఆ రాత్రి ఫోన్లో ఒకటే సంబరం. బియ్యం మాత్రం ఎడమకన్ను పెడితే ఇచ్చారట.