మందు అడిగితే ప్రశ్న ఇస్తారా?

మందుల షాపుకు వెళ్ళి ‘ఓ మంచి దగ్గు మందివ్వండి’ అనడం, సీసా చేతిలో పడగానే ఇంటిదారి పట్టడం మనిషి జన్మహక్కు. ఏ రాజ్యాంగంలోనూ ఈ ముక్క రాసి ఉండకపోవచ్చు. దగ్గే హక్కు కూడా ఎక్కడా రాసి లేదు, అయినా దగ్గుతూనే ఉన్నాం కదా. అలాంటి హక్కుకు ఇప్పుడు ముప్పు వచ్చిపడింది. ఆ ముప్పు పేరు ఫార్మసిస్టు. మనం నోరు తెరిచి మందు అడిగితే, ఆ మనిషి కూడా నోరు తెరిచి ప్రశ్న అడుగుతోంది. దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు సబ్బు కొనాలన్నా వాంగ్మూలం ఇవ్వాల్సి వస్తుంది.

నా విషయమే తీసుకోండి. 9 వారాలుగా దగ్గుతున్నాను. మొదటి వారం ఇంట్లోవాళ్ళు జాలిపడ్డారు. మూడో వారం విసుక్కున్నారు. ఆరో వారానికి నా పక్క హాల్లోకి మారింది. దగ్గేవాడి దగ్గరికి ఎవరూ రారని అప్పుడు బోధపడింది. ఈలోగా నాలుగు రంగుల సిరప్పులు నాలుగు సగం సగం తాగి పక్కన పెట్టాను. ఐదో రంగు కోసం వెళ్ళినప్పుడు కౌంటరు వెనక తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఉంది. నా కూతురి వయసు ఉంటుంది.

“మంచి దగ్గు మందు ఒకటివ్వమ్మా,” అన్నాను.

“ఎవరికి సార్?” అంది.

చూశారా దౌర్జన్యం! రెండు మాటలకు మూడుసార్లు దగ్గుతున్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని ఎవరికని అడగడమేమిటి? నా మొహం చూసి తనే చెప్పింది. దగ్గేవాళ్ళు ఇంట్లో ఉండి, కొనేవాళ్ళు కౌంటరు దగ్గర ఉండడం మామూలేనట. ఇంట్లో దగ్గేది రెండేళ్ళ పాప అని డబ్బు చెల్లించాక గానీ బయటపడదట. రెండేళ్ళలోపు పిల్లలకు షాపుల్లో దొరికే దగ్గు జలుబు మందులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2008లో చెప్పింది. బ్రిటన్ మరో అడుగు ముందుకేసి 2009లో వీటిలో చాలావాటిని ఆరేళ్ళలోపు పిల్లలకు వద్దంది. మరి పిల్లలకేం ఇవ్వాలి? ఏడాది దాటితే తేనె. ఏడాది లోపయితే అదీ కూడదు, నరాలను చచ్చుబరిచే బోట్యులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది. ఇదంతా ‘ఎవరికి’ అనే ఒక్క మాటలో ఇరికించి అడిగిందన్నమాట. ఇలాంటి పొదుపు ప్రశ్నలు చాలా ప్రమాదకరం.

తర్వాత తెలిసింది, ఇవి ఆ అమ్మాయి సొంత తెలివితేటలు కావు. ఎవరికి, ఏమిటి, ఎన్నాళ్ళుగా, ఇప్పటిదాకా ఏం చేశారు, ఇంకేం మందులు వాడుతున్నారు అని ఫార్మసీ చదువులో ఐదు ప్రశ్నలు వరసగా నేర్పుతారు. అంటే ఇది వ్యక్తిగత కక్ష కాదు, వ్యవస్థీకృత కుట్ర.

రెండో ప్రశ్న నా దగ్గు ఏ జాతిదని. పొడి దగ్గా, తెమడ పడుతోందా, పడితే ఏ రంగు? నాది పొడి దగ్గు కాబట్టి తప్పించుకున్నాను గానీ, ఇక్కడ నా మిత్రుడొకడి గురించి చెప్పాలి. తెమడ ఆకుపచ్చగా కనబడిందంటే వాడికి పట్టా అందుకున్నంత సంతోషం. ఆకుపచ్చ అంటే బ్యాక్టీరియా, బ్యాక్టీరియా అంటే యాంటీబయాటిక్, ఇదీ వాడి సిద్ధాంతం. నిజానికి ఆ రంగు మన తెల్లకణాల్లోని ఒక ఎంజైముది. వైరస్‌తో పోరాడి చచ్చిన కణాలున్నా అదే రంగు వస్తుంది. జలుబు తర్వాత ఛాతీలో దిగే దగ్గులు ఎక్కువ భాగం వైరస్‌వే. వాటికి యాంటీబయాటిక్ వేయడమంటే ఇంట్లో దోమలున్నాయని గుమ్మానికి రెండో తాళం వేయడమే.

కానీ వాడి దగ్గు తగ్గిందే! తగ్గుతుంది మరి. ఇలాంటి దగ్గు ఎన్నాళ్ళుంటుందని జనాన్ని అడిగితే 7 నుంచి 9 రోజులన్నారు. అసలు అధ్యయనాలు తీసి లెక్కేస్తే సగటున దాదాపు 18 రోజులు తేలింది. 2013లో అచ్చయిన లెక్క ఇది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పది రోజుల సందులోనే లోకంలోని సిరప్పులూ మాత్రలూ సగం అమ్ముడుపోతున్నాయని నా అనుమానం. పదో రోజున ఓపిక నశిస్తుంది, పన్నెండో రోజున మాత్ర మొదలవుతుంది, పద్దెనిమిదో రోజున దగ్గు దాని మానాన అది వెళ్ళిపోతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకికి సన్మానం చేశాం.

ఇంతకీ దగ్గు రోగం కాదట, కాపలా మనిషట. గొంతులో, శ్వాసనాళంలో ఏదైనా తగిలితే నరాలు మెదడు కాండానికి ఫిర్యాదు పంపుతాయి. అక్కడ ఫైలు ఆలస్యం కాదు, లంచం అక్కర్లేదు. వెంటనే ఓ లోతైన ఊపిరి, స్వరపేటిక తలుపు టక్కున మూత, ఛాతీ కండరాలూ పొట్ట కండరాలూ కలిసి నొక్కుడు, లోపల ఒత్తిడి పెరిగాక తలుపు ఫెళ్ళున తెరుచుకోవడం. అన్నం మెతుకైనా, తెమడైనా బయటికి గెంటివేత. మనిషి ఒంట్లో ఇంత చురుగ్గా పనిచేసే శాఖ ఇంకోటి లేదు. దాన్నే మనం సీసాలతో మూయించాలని చూస్తున్నాం.

ఆ మూయించే చరిత్ర ఘనమైనది. 1898లో బేయర్ కంపెనీ ఒక దగ్గు మందు విడుదల చేసింది, దాని పేరు హెరాయిన్. అవును, అదే హెరాయిన్. దగ్గు తగ్గడం మాట అటుంచితే, వాడినవాళ్ళు దగ్గు లేకపోయినా షాపు చుట్టూ తిరగడం మొదలెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. దాని బంధువు కోడీన్ మాత్రం చాలాకాలం మర్యాదస్తుడిలా చలామణీ అయింది. దగ్గుకు పన్నెండేళ్ళలోపు పిల్లలకు అది కూడదని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2015లోనూ, పద్దెనిమిదేళ్ళలోపు ఎవరికీ వద్దని ఎఫ్‌డీఏ 2018లోనూ తేల్చాయి. ఇక 2022లో గాంబియాలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషాలు కలిసిన సిరప్పులతో ముడిపడి 60 మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని పోయారు. ఆ వాక్యంలో వ్యంగ్యానికి చోటు లేదు, దాటి వెళ్దాం.

ఇప్పటి సిరప్పులు పెద్దమనుషులే. కాకపోతే కొన్ని సీసాల వెనక చిన్న అక్షరాలు చదివితే ఉమ్మడి కుటుంబం గుర్తొస్తుంది. గుయాఫెనెసిన్ తెమడతో ‘బయటికి నడు’ అంటుంది. అదే సీసాలోని డెక్స్ట్రోమెథార్ఫాన్ దగ్గుతో ‘కదిలావంటే చూడు’ అంటుంది. తెమడ పోవాలంటే దగ్గాలి కదా! ఇద్దరి మధ్య గొడవ ముదరకుండా పాత తరం యాంటీహిస్టమిన్ (అలర్జీ మందు) ఒకటి వచ్చి ఇల్లంతటినీ నిద్రపుచ్చుతుంది. అందుకేనేమో రాత్రి బాగా పనిచేసినట్టుంటుంది. మామూలు దగ్గుకు ఈ మందులు నిజంగా పనిచేస్తాయా అని పరిశోధనలన్నీ ఏరి చూసిన కొక్రేన్ సమీక్ష, పనిచేస్తాయనడానికీ చేయవనడానికీ గట్టి ఆధారం లేదని 2014లో తేల్చింది. నేను మాత్రం పట్టువదల్లేదు. చేదుగా, చిక్కగా, రంగుగా ఉన్నది పనిచేయకపోవడమేమిటి?

మూడో ప్రశ్న దగ్గర పరిస్థితి విషమించింది. “ఎన్నాళ్ళ నుంచి సార్?”

“ఓ రెండు నెలలు,” అన్నాను, రెండు రోజులన్నంత తేలిగ్గా.

ఆ అమ్మాయి చేతిలోని సీసాను మళ్ళీ అరలో పెట్టేసింది. నా కళ్ళముందే పెట్టేసింది! పెద్దవాళ్ళలో 3 వారాల్లోపు దగ్గు ఒక లెక్క, 8 వారాలు దాటితే పూర్తిగా ఇంకో లెక్కట. క్షయ ఎక్కువగా ఉన్నచోట 2 వారాలు దాటగానే పరీక్షకు పంపాలట. ఇక ప్రశ్నలు వరసకట్టాయి. తెమడలో నెత్తురు పడుతోందా? బరువు తగ్గారా? రాత్రుళ్ళు చెమటలు? జ్వరం? ఆయాసం, ఛాతీలో నొప్పి? పిల్లికూతలు? వీటిలో దేనికి ‘అవును’ అన్నా సీసా దొరకదని, డాక్టరు చీటీయే దొరుకుతుందని నాకు అర్థమైపోయింది. చేయి తిరిగిన సాక్షిలా లేదు, లేదు అంటూ పోయాను. అదృష్టవశాత్తూ అన్నీ నిజాలే. “సిగరెట్?” అన్నప్పుడు మాత్రం భుజాలు తడుముకున్నాను. మానేసి పదేళ్ళయినా భుజానికి గుమ్మడికాయ బరువు ఇంకా గుర్తుంది.

తర్వాత ముక్కు మీదికి, పొట్ట మీదికి వెళ్ళింది. ముక్కులోంచి గొంతులోకి ఏదైనా కారుతోందా? భోంచేసి పడుకుంటే గుండెల్లో మంటా? చిన్నప్పుడు ఉబ్బసం ఉందా? గొంతులో దగ్గు వస్తే పొట్ట సంగతి దేనికమ్మా అని విసుక్కున్నాను. వారాల తరబడి వదలని దగ్గుకు తరచుగా కనిపించే కారణాలు ఆ మూడేనట. ఊపిరితిత్తుల్లో ఏమీ లేకపోయినా పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్ని దగ్గించగలదట.

నాలుగో ప్రశ్నకు నాలుగు సిరప్పుల పేర్లు గర్వంగా చెప్పాను. వాటిలో రెండింటిలో ఉన్నది ఒకటే మందని ఆమె చల్లగా చెప్పింది. రంగు వేరు, అంతే.

ఇక ఆఖరిది. “వేరే మందులేమైనా వాడుతున్నారా?”

“ఏమీ లేవు.”

“బీపీకి, షుగరుకి?”

“బీపీకి రోజూ ఓ మాత్ర. అది మందేమిటమ్మా, అలవాటు.”

పేరు అడిగింది. రామిప్రిల్ అని చెప్పాను. మొదలెట్టి ఎన్నాళ్ళయిందంది. నాలుగు నెలలన్నాను. ఆ అమ్మాయి మొహంలో, పోయిన తాళంచెవి జేబులోనే దొరికినవాళ్ళ వెలుగు కనబడింది. పేరు చివర ‘ప్రిల్’ అని ఉన్న బీపీ మాత్రలు ఒక ఎంజైమును ఆపుతాయి. బీపీ తగ్గేది అందుకే. కానీ అదే ఎంజైము బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొట్టాలి. ఆ పని ఆగిపోయి బ్రాడీకైనిన్ పేరుకుంటే శ్వాసనాళం నరాలు రాజుకుంటాయి. కొందరిలో పొడిదగ్గు, గొంతులో గరగర మొదలవుతుంది. మొదలయ్యేది మర్నాడే కావచ్చు, కొన్ని నెలల తర్వాతా కావచ్చు. దీనికి ఏ సిరప్పూ పనిచేయదు. నేను తాగిన నాలుగు సీసాలూ నిప్పు ఒకచోట ఉంటే నీళ్ళు ఇంకోచోట పోసిన బాపతన్నమాట.

“అయితే రేపటి నుంచి ఆ మాత్ర మానేస్తా,” అన్నాను.

“మానొద్దు సార్!” అని దాదాపు అరిచింది. బీపీ మాత్ర మనంతట మనం ఆపకూడదట. ఓ కాగితం మీద నా దగ్గు చరిత్ర నాలుగు ముక్కల్లో రాసి, ఈ వారంలోనే డాక్టరుకు చూపించమంది. ఆయన ఆ కాగితం చదివి, ఛాతీకి ఎక్స్‌రే ఒకటి తీయించి, మాత్రను ‘సార్టాన్’ అనే మరో బీపీ మందుల కుటుంబంలోకి మార్చారు. మూడు వారాలకు దగ్గు సద్దుమణిగింది. నా పక్క హాల్లోంచి లోపలికి తిరిగొచ్చింది.

అయినా నా ఫిర్యాదు అలాగే ఉంది. ఆ రోజు పావుగంట నన్ను నిలబెట్టి, ఐదు ప్రశ్నలూ వాటి పిల్లలూ మనవలూ కలిపి ఇరవై అడిగి, చివరికి ఆ షాపు నాకు అమ్మింది ఏమిటి? సున్న. వ్యాపారమంటే ఇదా? నా వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు ఏమనుకుంటారు? మందుల షాపు నుంచి ఖాళీ చేతులతో రావడం నాకు తలకొట్టేసినట్టయింది. పరువు కోసం కౌంటరు మీదున్న ఇయర్ బడ్స్ ప్యాకెట్టు ఒకటి తీసి ముందు పెట్టాను.

ఆ అమ్మాయి దాన్ని చూసింది, నన్ను చూసింది.

“దేనికి సార్?” అంది.

“చెవిలో పెట్టుకోవడానికి. ఇంకెందుకు!”

“చెవిలో లోపలిదాకా పెట్టకండి సార్. దగ్గుకు సంబంధించిన నరం కొమ్మ ఒకటి చెవి గొట్టంలోకి కూడా వస్తుంది. కొంతమందికి అక్కడ పుల్ల తగిలినా దగ్గొస్తుంది.”