పడవెక్కినది పైపు ఆర్గాన్ కాదు

గోదావరి డెల్టాలోని వాట్సాప్ బృందాల్లో ఒక పాత వాద్యం ఫొటో, దానితోపాటు ఒక కథ కొంతకాలంగా తిరుగుతున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లో కాటన్ దొర ఒక చర్చికి ఈ పైపు ఆర్గాన్‌ను (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యాన్ని) బహూకరించాడని, తరువాతి కాలంలో దీనిని విప్పకుండానే పడవకెక్కించి కాలువ మీదుగా ఒక్క రాత్రిలో మరో ఊరి చర్చికి చేర్చి, తెల్లవారి ఆరాధనలో వాయించారని, ప్రపంచంలో నేటికీ మోగుతున్న ఆర్గాన్లలో ఇదే అన్నింటికన్నా పాతదని ఆ కథ చెబుతుంది.

ముందుగా వాద్యం సంగతి. పైభాగాన గొట్టాల వరుస ఉన్నమాట నిజమే. అయితే అడుగున రెండు కాలి పెడళ్లు, వేళ్లతో నొక్కే మెట్ల పైన ఎస్టీ (Estey) అన్న తయారీ సంస్థ పేరు కూడా ఆ ఫొటోలోనే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇది రీడ్ ఆర్గాన్. పెడళ్లు తొక్కినప్పుడు తిత్తులు లాగే గాలి ఇత్తడి రీడ్ల గుండా పోతూ వాటిని కంపింపజేస్తుంది. మన పద్యనాటకాలకు వాయించిన లెగ్ హార్మోనియం కూడా ఈ కుటుంబంలోనిదే. పైనున్న గొట్టాలు అలంకారం మాత్రమే, వాటిలోకి గాలి వెళ్లదు. చర్చిల కోసం చేసిన రీడ్ ఆర్గాన్లకు ఇటువంటి ఉత్తుత్తి గొట్టాలు అమర్చడం ఆనాడు మామూలే కనుక, చూసినవారు పొరబడడంలో వింత లేదు.

1852లో కాటన్ ఇచ్చిన పైపు ఆర్గాన్ అన్న మాట ఎస్టీ అన్న ఆ పేరుతోనే వీగిపోతుంది. అమెరికాలోని బ్రాటిల్‌బరోకు చెందిన ఎస్టీ సంస్థ రీడ్ ఆర్గాన్లకు పేరుపొందింది. అది పైపు ఆర్గాన్ల తయారీ మొదలుపెట్టినది 1901లో, అంటే ఆనకట్ట పూర్తయిన దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత.

ఇక తరలింపు. చిన్న పైపు ఆర్గాన్‌లో సైతం వందల గొట్టాలుంటాయి. తగరం, సీసం కలిపి చేసిన లోహపు గొట్టాలు మెత్తగా ఉండి, ఏమరుపాటుగా పడుకోబెడితే సొట్టపడతాయి. అందువల్ల ఒక్కొక్కదానినీ తీసి, అంకె వేసి, పెట్టెల్లో సర్ది పంపుతారు. గాలిపెట్టెలు, తిత్తులు, మెట్లను కవాటాలతో కలిపే సన్నని చెక్క బద్దలు వేరుగా వెళతాయి. చేరిన చోట అన్నింటినీ కూర్చాక, కొత్త గది వైశాల్యానికి, అక్కడి వేడిమికి తగినట్లు ప్రతి గొట్టం స్వరాన్నీ సరిచేయాలి. ఇది వారాల తరబడి సాగే పని. రీడ్ ఆర్గాన్‌నైతే కొందరు మనుషులు ఎత్తి పడవలో పెట్టగలరు, మర్నాడే వాయించగలరు. కాబట్టి పడవ ప్రయాణాన్ని నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. దానిని నమ్మితే పైపు ఆర్గాన్ అన్న మాటను వదులుకోవాలి.

అతి పురాతనమన్న గొప్ప గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్విట్జర్లాండ్‌లోని సియోన్‌లో వాలేర్ చర్చి ఆర్గాన్ 15వ శతాబ్దం నాటిది, ఇప్పటికీ మోగుతోంది.

ఈ వాద్యం అసలు వయసు కావాలనుకునేవారు దాని వెనుక పలక తీయించి, లోపల ముద్రించిన క్రమసంఖ్యను ఫొటో తీయాలి. ఎస్టీ వాద్యాల సంఖ్యలను తయారైన సంవత్సరాలతో జతచేసిన పట్టికలు అందుబాటులో ఉన్నాయి.