విమానానికి ఎక్స్‌పైరీ డేట్ ఉందా? వాట్సాప్ పోస్టుకు ఒక జవాబు

ఇసుకలో బారులు తీరిన జంబో విమానాల ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. కింద ఈ మాటలు: "విమానానికి 20 ఏళ్ళే ఆయుష్షు. తర్వాత ఎడారిలో పారేస్తారు, ఉత్తినే పడుంటాయి. పెట్రోల్ పోస్తే ఎప్పుడైనా ఎగురుతాయి. రంగులేసి పేద దేశాలకు అంటగడతారు, మిగిలినవి తుక్కు కింద కిలోల లెక్కన పోతాయి."

ప్రతి వాక్యంలోనూ పిసరంత నిజం ఉంది. అందుకే జనం నమ్ముతున్నారు.

"20 ఏళ్ళే ఆయుష్షు"

విమానం వయసుకు ఏళ్ళ లెక్క ఒక్కటే చాలదు. ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్ని సైకిళ్ళు తిరిగింది అన్నవే అసలు లెక్కలు. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపితే ఒక సైకిల్. పైకెళ్ళినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్ళు కాస్త ఉబ్బుతుంది, దిగాక సడలుతుంది. రివెట్ల చుట్టూ పగుళ్ళు మొదలయ్యేది అలాగే.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో పెద్ద ముక్క గాల్లోనే లేచిపోయింది. దాని వయసు 19 ఏళ్ళు. అయితే చూడాల్సిన అంకె అది కాదు, 89,680 సైకిళ్ళు. దీవి నుంచి దీవికి పొట్టి ట్రిప్పులు, పైగా ఉప్పు గాలి. ఆ తర్వాత పాత విమానాల మీద తనిఖీలు బిగించారు. 2011లో అమలులోకి వచ్చిన అమెరికా నిబంధన ప్రకారం పెద్ద విమానాల ప్రతి మోడల్‌కూ ఒక హద్దు గీశారు. ఆ హద్దు కూడా సైకిళ్ళలో, గంటల్లోనే ఉంటుంది.

హాంకాంగ్ ఎయిర్‌లైన్ కాథే పసిఫిక్ 2018లో మ్యూజియానికి ఇచ్చేసిన విమానాన్ని చూడండి, బోయింగ్ కట్టిన మొట్టమొదటి 777 అదే. 49,687 గంటలు, 20,519 ఫ్లైట్లు. అంటే సగటున ఫ్లైట్‌కు రెండున్నర గంటలు కూడా లేదు. అవే గంటలను ఎనిమిదేసి గంటల దూరప్రయాణాల్లో వాడి ఉంటే ఆరు వేల పైచిలుకు సైకిళ్ళతో సరిపోయేది. అలా వేరువేరుగా వాడిన రెండు విమానాల పుట్టిన తేదీ ఒకటే అయినా ఒళ్ళు అరిగిన తీరు ఒకటి కాదు. 1995 జూన్‌లో 777 తొలి ప్రయాణికులను మోసిన యునైటెడ్ విమానం పాతికేళ్ళు దాటాక కూడా ఎగిరింది.

మరి రిటైర్ ఎప్పుడు చేస్తారు? పెద్ద ఖర్చులన్నీ ఒకేసారి నెత్తిన పడబోతున్నప్పుడు. ఆరు నుంచి పన్నెండేళ్ళకోసారి హెవీ చెక్ ఉంటుంది. సీట్లు, ప్యానెళ్ళు అన్నీ ఊడదీసి అస్థిపంజరం దాకా చూస్తారు, నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ల్యాండింగ్ గేర్‌ను (చక్రాలుండే కాళ్ళను) దాదాపు పదేళ్ళకోసారి పూర్తిగా విప్పాలి. ఇంజిన్ లోపలి డిస్కులకు సైకిళ్ళ పరిమితి ఉంటుంది, అది నిండితే డిస్కు బాగానే కనిపించినా తీసేయాల్సిందే. ఈ మూడూ దగ్గర పడ్డాయి, లీజు కూడా ముగుస్తోంది అంటే ఎయిర్‌లైన్ కాల్క్యులేటర్ తీస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2007లో అందుకున్న తొలి ఎయిర్‌బస్ ఎ380 పదేళ్ళకే లీజుదారుకు వెనక్కి వెళ్ళింది. నాలుగు ఇంజిన్ల విమానాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనే నాథుడు దొరక్క ఫ్రాన్స్‌లోని టార్బ్‌లో దాన్ని విప్పేశారు. అందులో ముసలితనం ఎక్కడుంది?

"ఎడారిలో పారేస్తారు, ఉత్తినే పడుంటాయి"

ఎడారినే ఎంచుకోవడానికి కారణం ఉంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి అల్యూమినియంను తుప్పు మెల్లగా తింటుంది. నేల గట్టిగా ఉండే చోట సిమెంటు పరవకుండానే విమానాలను నిలబెట్టొచ్చు. అమెరికాలో విక్టర్‌విల్, మొహావీ, స్పెయిన్‌లో టెరువెల్, ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ ఇలాంటివే. (ఇలాంటి మరికొన్ని పోస్టులకు తగిలించే, ఆకాశం నుంచి తీసిన ఫోటో అమెరికాలోని టూసాన్ సైనిక స్థావరానిది. అందులో ఉన్నవి దాదాపు అన్నీ సైన్యం విమానాలు.)

ఇక "ఉత్తినే" సంగతి. మళ్ళీ ఎగరాల్సిన విమానమైతే దిగిన రోజే పని మొదలవుతుంది. తాగునీళ్ళ ట్యాంకులు, టాయిలెట్ ట్యాంకులు ఖాళీ చేస్తారు. బ్యాటరీలు విడదీస్తారు. ఇంజిన్ ముందూ వెనకా మూతలు బిగిస్తారు, లోపల తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెడతారు. కిటికీలకు వెండి రంగు రేకులు అంటిస్తారు, లేకపోతే ఎండకు లోపలి ప్లాస్టిక్ పాడవుతుంది. గేర్ కాళ్ళలో మెరిసే క్రోమ్ భాగానికి నూనె రాస్తారు. 747కు 18 చక్రాలు. వాటిని వారం, రెండు వారాలకోసారి కొంచెం తిప్పకపోతే బరువంతా ఒకేచోట పడి టైరు చప్పబడుతుంది.

ఇంధనం మొత్తం తీసెయ్యరు. కొంత ఉంచకపోతే ట్యాంకు సీళ్ళు ఎండి చీలతాయి. ఉంచితే ఇంకో తలనొప్పి: అడుగున చేరిన నీటికీ ఇంధనానికీ మధ్య ఫంగస్ పెరిగి జిగురులా ఫిల్టర్లకు అడ్డుపడుతుంది, ట్యాంకు లోహాన్ని తింటుంది. అందుకే క్రమం తప్పకుండా అడుగు నీళ్ళు వదులుతారు, ఫంగస్ చంపే మందు కలుపుతారు. కోవిడ్ కాలంలో విక్టర్‌విల్‌లో ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటస్ ఇంజినీర్లయితే చక్రాల గూటిలోకి తొంగిచూసే ముందు చీపురు కర్రతో తట్టి పాముల్ని తరిమేవారు. దీనికంతటికీ పార్కింగ్ అద్దె అదనం.

"పెట్రోల్ పోస్తే ఎగురుతాయి"

అసలు ఈ విమానాల్లో పోసేది పెట్రోల్ కాదు. అవి తాగేది కిరోసిన్ జాతి ఇంధనం.

కోవిడ్ తర్వాత ఆగి ఉన్న విమానాలను లేపినప్పుడు తప్పుడు వేగం, తప్పుడు ఎత్తు చూపించిన ఘటనలు పెరిగాయని యూరప్ నియంత్రణ సంస్థ 2020 ఆగస్టులో హెచ్చరించింది. వేగం కొలిచే పీటో గొట్టాల్లో పురుగులు చేరడం ఒక ముఖ్య కారణం. 737ల ఇంజిన్ వాల్వులకు తుప్పు పట్టి ఒక్కో ఇంజిన్ ఆగిపోయిన ఘటనలు నాలుగు జరిగాయని అదే ఏడాది జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ చెప్పింది. ఏడు రోజులు, అంతకు మించి ఆగి ఉన్న ఆ రకం 737లన్నిటినీ తనిఖీ చేయమంది. లుఫ్తాన్సా 2022 డిసెంబరులో టెరువెల్ నుంచి తొలి ఎ380ను ఫ్రాంక్‌ఫర్ట్ తెచ్చుకున్నప్పుడు గేర్ లోపలికి ముడుచుకోలేదు. చక్రాలు కిందికి వేలాడేసుకునే ఇల్లు చేరింది. లుఫ్తాన్సా ఎ380ల్లో మళ్ళీ ప్రయాణికులు ఎక్కింది మరుసటి ఏడాది.

"పేద దేశాలకు అంటగడతారు"

ఎయిర్ ఇండియా కొన్నేళ్ళే వాడిన ఐదు 777-200ఎల్ఆర్‌లను అమ్మింది అబుదాబి ఎతిహాద్‌కు. ఎవరు పేద, ఎవరు ధనికులో మీరే చెప్పండి. అసలు పెద్ద విమానాల్లో కొన్నిటి రెండో జీవితం సరుకు రవాణాలో. పక్కన పెద్ద కార్గో తలుపు కోసి, నేల బలపరిచి, కిటికీలు మూసి, కాక్‌పిట్ వెనక సరుకు ముందుకు దూసుకురాకుండా అడ్డుగోడ కడతారు. అలా మార్చిన ఎ330-300 సుమారు 60 టన్నులు మోస్తుంది.

"కిలోల లెక్కన"

పిసరు నిజం కాస్త పెద్దగా ఉన్నది ఇక్కడే. 747-400 ఖాళీ బరువు సుమారు 180 టన్నులు. విలువైనవన్నీ తీశాక 100 టన్నుల డొల్ల మిగిలిందనుకుందాం, కిలో వంద రూపాయలనుకుందాం. మొత్తం కోటి. ఒక్క పెద్ద ఇంజిన్‌కు ఓవర్‌హాల్ చేయిస్తేనే పదుల కోట్లవుతుంది. కాబట్టి ముందు దిగేవి ఇంజిన్లు, తర్వాత తోక దగ్గరి ఏపీయూ (నేల మీద ఉన్నప్పుడు కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్), గేర్, కాక్‌పిట్ ఎలక్ట్రానిక్ పెట్టెలు.

వస్తువు కన్నా దాని కాగితమే విలువైనది. డిస్కు పుట్టిన రోజు నుంచి ఎవరి దగ్గర ఎన్ని సైకిళ్ళు తిరిగిందో రికార్డు తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక లాగ్ పోయిందా, కోట్ల రూపాయల డిస్కు తుక్కే. 2023లో లండన్ సంస్థ ఒకటి నకిలీ సర్టిఫికెట్లతో ఇంజిన్ భాగాలు అమ్మిందని తేలినప్పుడు పలు ఎయిర్‌లైన్లు విమానాలు ఆపి భాగాలు మార్చుకోవాల్సి వచ్చింది.

అంతా అయ్యాకే పొక్లెయిన్‌కు బిగించిన కత్తెర వస్తుంది. రాగి ఎక్కువున్న మిశ్రమం, జింకు ఎక్కువున్న మిశ్రమం కలిసి కరిగితే ఆ అల్యూమినియం మళ్ళీ విమానానికి పనికిరాదు, తక్కువ రకం పోతపనికి వెళ్తుంది. సగం కార్బన్ ఫైబర్‌తో చేసిన 787కైతే ఆ మాత్రం తుక్కు ధర కూడా రాదు. అయినా 2023లో స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో పదేళ్ళ వయసున్న రెండు 787లను విప్పారు, విడిభాగాలకు అంత గిరాకీ మరి.

2022 నవంబరులో కొచ్చి నుంచి హైదరాబాద్ వస్తూ బాపట్ల జిల్లా కొరిశపాడు అండర్‌పాస్ కింద ఇరుక్కున్న విమానం గుర్తుందా? అది చిన్న రకం, ఎ320. హోటల్‌గా మార్చడానికి వేలంలో కొన్నారు. జనం గుంపులుగా వెళ్ళి సెల్ఫీలు దిగింది ఆ డొల్లతోనే.